కాయ కాచిన కాలికీ నొప్పి తెలుసు

“వాళ్ళ కాళ్ళకు ఏమవుతుందండీ? ఎప్పుడో రాటుదేలిపోయాయి.”

ఈ మాట మేము ఒక నగరంలో వార్డు ఆఫీసు వరండాలో నిలబడి విన్నాము. తెల్లవారకముందే వీధులు ఊడ్చే మా పేట ఆడవాళ్ళు, తమ కాళ్ళకు సరిపోయే బూట్లు ఇప్పించమని అడగడానికి వెళ్తుంటే తోడుగా మేమూ వెళ్ళాము. సూపర్‌వైజరు కోప్పడలేదు, కసురుకోలేదు. మాకు తెలియని సంగతేదో తెలియజెబుతున్నట్టు నవ్వుతూ అన్నాడు. ఆయనా మన తెలుగువాడే. మాతో వచ్చిన ఒక అక్క చెప్పు విడిచి అరికాలు చూపించబోయింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ రోజు మాకు సరైన జవాబు తోచలేదు. కాసేపు వాదించి, కాసేపు బతిమాలి, ఒక అర్జీ ఇచ్చి వచ్చేశాము. కానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఆలోచించిన కొద్దీ అది ఆ ఒక్క మనిషి మాట కాదని తెలిసింది. కాంట్రాక్టరు మాటా అదే. షాపు యజమాని మాటా అదే. మన సంఘ పెద్దల్లో కొందరి మాటా అదే. చివరికి మన అమ్మలు, అక్కలు తమ కాళ్ళ గురించి తామే చెప్పుకునే మాట కూడా అదే: “మా కాళ్ళు అంతేలే.”

ఆ మాటకు ఇప్పుడు జవాబు రాస్తున్నాము. అది అబద్ధం. వైద్యం లెక్కన అబద్ధం, న్యాయం లెక్కన అబద్ధం, మనం నమ్మే విశ్వాసం లెక్కన కూడా అబద్ధం.

చర్మం ఎందుకు గట్టిపడుతుంది?

ముందు సంగతి అర్థం చేసుకుందాం. మన చర్మం పైపొర అంతా చనిపోయిన కణాలే. కింద కొత్త కణాలు పుడుతుంటే, పైన పాతవి పొట్టులా రాలిపోతుంటాయి. ఒకే చోట పదే పదే ఒత్తిడి పడినా, రాపిడి తగిలినా ఆ చోట చర్మం తనను తాను కాపాడుకోవాలని చూస్తుంది. కణాలను వేగంగా పుట్టిస్తుంది, పాతవాటిని రాలనివ్వకుండా ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. అలా పేరుకున్నదే కాయ. మడమ మీద, వేళ్ళ మొదళ్ళ కింద వెడల్పుగా, పసుపు రంగు తిరిగి కనబడుతుంది.

ఒత్తిడి ఒక చిన్న చుక్క మీదే పడితే ఆ కాయ లోపలికి మొన దేలుతుంది. అది ఆనెకాయ. నడిచినప్పుడల్లా ఆ మొన కింది నరాన్ని పొడుస్తుంది. చాలామంది దాన్ని లోపల విరిగిన ముల్లు అనుకుంటారు, వేరు ఉందనుకుంటారు. ముల్లూ లేదు, వేరూ లేదు. అది మన చర్మమే. తవ్వి తీసినా, ఒత్తిడి అలాగే ఉంటే మళ్ళీ వస్తుంది. మడమ చుట్టూ గట్టిపడిన చర్మం ఎండి, సాగే గుణం పోయి, ఒంటి బరువుకు చీలితే అవి పగుళ్ళు. లోతుగా చీలితే రక్తం వస్తుంది, క్రిములు దూరడానికి దారి అవుతుంది.

గట్టి చర్మం అంతా ఇదే కాదని కూడా తెలుసుకోవాలి. అరికాలిలో పులిపిరి వస్తే అచ్చం ఆనెకాయలాగే ఉంటుంది. ఆనెకాయ పైనుంచి నొక్కితే ఎక్కువ నొప్పి. పులిపిరి రెండు పక్కల నుంచి పట్టి నొక్కితే ఎక్కువ నొప్పి, దానిలో నల్లని చుక్కలు కనబడతాయి. అది వైరస్ వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. తామర, సోరియాసిస్ వల్ల కూడా అరికాళ్ళు గట్టిపడి పొలుసులు లేస్తాయి. ఆర్సెనిక్ కలిసిన బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు అరచేతులు, అరికాళ్ళు రెండూ మొటిమల్లాంటి గట్టి బుడిపెలతో గరుకు తేలతాయి. కర్ణాటకలో యాదగిరి జిల్లాలో పాత బంగారు గని దగ్గరి తండాలో ఇది బయటపడింది. అందుకని ఒత్తిడి పడని చోట చర్మం గట్టిపడినా, రెండు చేతులకూ పాకినా, ఇంట్లో ఒకేసారి పలువురికి వచ్చినా డాక్టరుకు చూపించాలి. “పనివాళ్ళ కాళ్ళు” అని తోసేయకూడదు.

రాటుదేలితే నొప్పి తెలియదా?

ఇప్పుడు ఆ సూపర్‌వైజరు మాట దగ్గరికి వద్దాం. తోలు మందమైంది కాబట్టి లోపలికి ఏమీ తెలియదు అనే నమ్మకం చాలా పాతది. దాన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. 2019లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కెన్యాలోనూ అమెరికాలోనూ మనుషుల పాదాలు కొలిచి, వట్టికాళ్ళతో నడిచే అలవాటున్నవాళ్ళను, బూట్లు తొడిగేవాళ్ళను పోల్చి చూశారు. వట్టికాళ్ళవాళ్ళ చర్మం మందంగా, గట్టిగా ఉంది. కానీ నేల స్పర్శను పసిగట్టే శక్తి దానివల్ల తగ్గలేదు. కాయ కాచిన కాలికి కూడా అంతా తెలుస్తుంది. మీకు తెలిసినంతా తెలుస్తుంది.

స్పర్శ పోయేది చర్మం మందమైనందువల్ల కాదు, నరం చచ్చినందువల్ల. ఈ తేడాను లోకానికి నేర్పింది మన పక్కనున్న వేలూరు. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సర్జనుగా వచ్చాడు. కుష్ఠు వచ్చినవాళ్ళ వేళ్ళు, పాదాలు ఆ రోగంతో వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో డాక్టర్లే నమ్మేవారు. బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్ళు రోగుల కాళ్ళను రోజుల తరబడి దగ్గర కూర్చుని చూశారు. రోగం నరాన్ని చంపుతోంది. నొప్పి తెలియని మనిషి అదే చోట మళ్ళీ మళ్ళీ బరువు వేసి నడుస్తున్నాడు. కాయ కింద కండ నలిగి పుండు అవుతోంది. ఆ పుండు మీదే మళ్ళీ నడుస్తున్నాడు. కాలిని తింటున్నది నడకలోని ఒత్తిడి అని తేలింది. అందుకే వేలూరులో మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు తయారుచేశారు. ఆ రకం చెప్పులనే ఇప్పటికీ ప్రభుత్వం కుష్ఠు రోగులకు ఉచితంగా ఇస్తోంది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. కాలికి నొప్పి తెలుస్తోందంటే ఆ నొప్పి కావలివాడిలా అరుస్తోందని అర్థం, దాని మాట వినాలి. నొప్పి తెలియడం లేదంటే కావలివాడు చచ్చిపోయాడని అర్థం, అప్పుడు రెట్టింపు జాగ్రత్త కావాలి. రెండింట్లో ఏ కాలి గురించీ “దానికేమీ కాదు” అనే హక్కు ఎవరికీ లేదు.

ఎవరి కాలు, ఏ పని

కాయ ఎక్కడ కాచిందో చూస్తే ఆ మనిషి ఏ పని చేస్తుందో చెప్పవచ్చు. తెలుగు నేలను విడిచి తరాల కిందట వచ్చి స్థిరపడిన మన పేటలన్నీ తిరిగితే ఈ సంగతి కళ్ళకు కడుతుంది.

బెంగళూరు పౌరకార్మికుల్లో, చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో, ఒడిశా పట్టణాల బస్తీల్లోని రెల్లివారిలో ఎందరో మన భాషవాళ్ళు. వాళ్ళది మైళ్ళ కొద్దీ నడక. వేళ్ళ మొదళ్ళ కింద కాయలు, ఇరుకు బూటు ఒరిసిన చిటికెనవేలి మీద ఆనెకాయలు. షోలాపూర్, భివండీ పవర్‌లూముల్లో షిఫ్టంతా నిలబడే మన పద్మశాలి అన్నలకు మడమలే ముందు గట్టిపడతాయి. అదే షోలాపూర్‌లో రోజంతా నేల మీద మఠం వేసుకుని బీడీలు చుట్టే అమ్మలకు కాయలు అరికాలిలో ఉండవు, చీలమండ బయటి ఎముక మీద ఉంటాయి. నేలకు ఒరిసి ఒరిసి నల్లగా, తోలు పట్టాలా తేలతాయి. యానాం వైపు రొయ్యల షెడ్లలో తడి నేల మీద గంటల తరబడి నిలబడేవాళ్ళకు చర్మం నాని తెల్లబడుతుంది, ఇంటికొచ్చాక ఎండి చీలుతుంది. పెద్ద బట్టల షాపుల్లో చీరలు విప్పి చూపించే మన ఆడపిల్లలు పద్దెనిమిదేళ్ళకే నలభై ఏళ్ళ కాళ్ళతో హాస్టలుకు చేరతారు.

ఇవన్నీ విడివిడి జబ్బులు కావు. ఒకే జబ్బు. ఎంతసేపు నిలబడాలో, ఏ నేల మీద నిలబడాలో, కాలికి ఏం తొడగాలో, ఎప్పుడు కూర్చోవచ్చో తామే తేల్చుకునే వీలు లేని మనుషుల జబ్బు.

దీనిలో కులం లేదనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. తమిళనాడు పడమటి జిల్లాల్లో అరుంధతీయులు చాలామంది ఇళ్ళలో నేటికీ తెలుగే మాట్లాడతారు. తోలు పదును చేసిందీ, చెప్పులు కుట్టిందీ వాళ్ళు, మన మాదిగవాళ్ళు. ఊరందరి కాళ్ళకు చెప్పులు తొడిగిన చేతులవి. వాళ్ళే పై కులాల వీధిలోకి వచ్చేసరికి చెప్పులు విడిచి చేత పట్టుకోవలసి వచ్చింది. చెప్పు కుట్టే హక్కు ఉంది, తొడిగే హక్కు లేదు. అంతకాలం వట్టికాళ్ళతో నడిపించి, ఆ నడక వల్ల కాళ్ళు గట్టిపడితే, “వాళ్ళ కాళ్ళు పుట్టుకతోనే అంత” అన్నారు. వార్డు ఆఫీసు వరండాలో మేము విన్న మాటకు పుట్టిల్లు అదే.

పొగడ్త కూడా మోసమే

తిరస్కారం ఒక రకం. పొగడ్త ఇంకో రకం.

2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబయికి వేల మంది రైతులు, ఆదివాసులు సుమారు 180 కిలోమీటర్లు నడిచి వచ్చారు. పగిలి, రక్తం కారుతున్న వాళ్ళ పాదాల ఫోటోలు దేశమంతా చూసింది. ముంబయివాళ్ళు నీళ్ళిచ్చారు, తిండి పెట్టారు, కొందరు చెప్పులు తెచ్చి ఇచ్చారు. ఆ మంచితనాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఆ నడిచినవాళ్ళు అడిగింది చెప్పులు కాదు. అడవి భూమి మీద హక్కు అడిగారు, పంటకు ధర అడిగారు. పాదం ఫోటో గుర్తుండిపోయింది, పాదం ఎందుకు నడిచిందో మరిచిపోయాం.

మన ప్రసంగాల్లోనూ ఇదే జరుగుతుంది. కాయలు కాచిన చేతులు ధన్యమైనవంటాం. పగిలిన పాదాలు శ్రమకు పతకాలంటాం. సువార్త మోసుకొచ్చేవారి పాదాలను యెషయా మెచ్చుకున్న మాటను ఎత్తి చెబుతాం. వింటున్న అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. తరవాత అదే కాలితో కుంటుతూ ఇంటికి పోతుంది. ఆ పాదాన్ని అంతగా పొగిడిన మనలో ఒక్కరైనా “ఎక్కడ నొప్పి అమ్మా?” అని అడిగామా? పతకం అన్నాక ఇక దానికి మందు ఎవరు వేస్తారు? నొప్పిని గౌరవంగా మార్చి చేతిలో పెడితే, ఆ నొప్పి కలిగించినవాడు లెక్క చెప్పకుండా తప్పించుకుంటాడు.

శ్రమకు గౌరవం ఇవ్వాలంటే కూలి ఇవ్వండి, కుర్చీ ఇవ్వండి, సరిపోయే చెప్పు ఇవ్వండి. ఒట్టి పొగడ్తతో పగులు మానదు.

ఇంట్లో చేయదగినది, చేయకూడనిది

న్యాయం వచ్చేదాకా కాలు ఆగదు కాబట్టి, ఈ రోజే చేయదగినవి చెప్పుకుందాం. ఇవి షుగరు లేనివాళ్ళకు, కాలిలో స్పర్శ బాగా ఉన్నవాళ్ళకు.

గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు కాళ్ళు పెట్టండి. మెత్తబడిన చర్మాన్ని కాళ్ళు రుద్దే నురుగురాయితో నెమ్మదిగా రుద్దండి. ఒక్కరోజులో అంతా తీసేయాలని చూడకండి, రోజూ కొంచెం చాలు. మంట పుట్టినా, ఎర్రబడినా ఆపేయండి. తుడుచుకుని, చర్మంలో ఇంకా కొంచెం తడి ఉండగానే వాజలైనో కొబ్బరినూనో పట్టించండి. గట్టి మడమలకు యూరియా కలిసిన క్రీము ఇంకా బాగా పనిచేస్తుంది. మందుల షాపులో దొరుకుతుంది, దాన్ని కొనడానికి పార్లరుకు పోనక్కర్లేదు. రాత్రి పాత కాటన్ సాక్సు తొడుక్కుని పడుకోండి. వేళ్ళ సందుల్లో మాత్రం క్రీము పెట్టవద్దు, అక్కడ పొడిగా ఉండాలి. కొన్ని వారాలు విడవకుండా చేస్తేనే గుణం కనబడుతుంది.

బ్లేడుతో కోయవద్దు. మన పేటల్లో ఇది అందరూ చేసేదే, గడ్డం గీసిన బ్లేడుతోనే ఆనెకాయ చెక్కుకుంటారు. నల్లజీడి కాల్చి పెట్టడం, వేడి చురక పెట్టడం కూడా మానండి. జీడి రసం కాయనే కాదు, చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ కాల్చి పుండు చేస్తుంది. మందుల షాపులో అమ్మే ఆనెకాయ పట్టీలో ఉండేది శాలిసిలిక్ యాసిడ్. అది గట్టి చర్మాన్ని కరిగిస్తుంది, కానీ ఏది కాయ, ఏది మంచి చర్మం అనే తేడా దానికి తెలియదు. కాయ మీదకే సరిపోయేట్టు పెట్టాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది చెప్పు. ఒక కాగితం నేల మీద పరిచి, దాని మీద నిలబడి, కాలి చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకోండి. మీరు తొడిగే బూటును ఆ గీత మీద పెట్టి చూడండి. గీత బూటుకు బయట కనబడితే కాయ ఎందుకు వచ్చిందో ఇక డాక్టరు చెప్పనక్కర్లేదు. చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్ళు కొంచెం ఉబ్బి ఉంటాయి. పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ వెనక పట్టీ ఉంటే మంచిది. జారే చెప్పును పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకుని నడవడమే వేళ్ళ మీది ఆనెకాయలకు ఒక కారణం.

షుగరు ఉంటే ఈ మాట వేరు

2023లో ఐసీఎంఆర్ పెద్ద సర్వే ఒకటి వెలువడింది. దాని లెక్కన మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పది కోట్లు దాటారు. మన పేటల్లో ఇంటికి ఒకరైనా ఉన్నట్టు కనబడతారు. షుగరు ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే కాలి నరాలు దెబ్బతింటాయి, రక్త ప్రసరణ తగ్గుతుంది. వేలూరులో కుష్ఠు రోగుల కాళ్ళకు జరిగిందే ఇక్కడా జరుగుతుంది. కాయ చెప్పులో ఇరుక్కున్న రాయిలా లోపలి కండను నలుపుతుంది. నొప్పి లేదు కాబట్టి మనిషి నడుస్తూనే ఉంటాడు. పైన కాయ పొడిగానే ఉంటుంది, కింద పుండు పెరుగుతుంటుంది. చీము బయటికి వచ్చేసరికి ఎముక దాకా పోయి ఉండవచ్చు. ఆ తరవాత మాట వేలు తీయడం, పాదం తీయడం.

అందుకని షుగరు ఉన్నవాళ్ళు కాయను ఇంట్లో తీసుకోవద్దు. ఆనెకాయ పట్టీ వేయవద్దు, వేడి నీళ్ళలో కాళ్ళు నానబెట్టవద్దు. కాయను తీయవలసిందే, కానీ ఆసుపత్రిలో, చేయి తిరిగినవాళ్ళ చేత. అలా తీస్తే ఆ చోట పడే ఒత్తిడి చాలా తగ్గుతుంది. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోండి. కళ్ళు సరిగా కనబడకపోతే పిల్లల చేత చూపించుకోండి. చెప్పు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడమండి. ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగవద్దు. కాయ కింద నల్లగానో ఎర్రగానో మరక కనబడినా, చుట్టూ వేడిగా ఉన్నా, వాచినా, వాసన వచ్చినా అదే రోజు వెళ్ళండి, ఆదివారం ఆరాధన అయ్యాక చూద్దామనుకోవద్దు. ఏడాదికి ఒకసారైనా కాలి స్పర్శ పరీక్ష చేయమని డాక్టరును అడగండి. సన్నని నైలాన్ తీగను అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడిగే పరీక్ష అది. నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. అడగకపోతే చాలాచోట్ల చేయరు. అడగండి.

“బూట్లిచ్చాం, వాళ్ళే తొడుక్కోరు”

ఇక యజమానుల జవాబు మాకు తెలుసు. ప్రతిచోటా ఇదే వింటాం. బూట్లు ఇచ్చాం, మూలన పడేస్తారు, అలవాటు లేదు, చదువు లేదు.

మేము ఆ మూలన పడి ఉన్న బూట్లను చూశాం. మగవాళ్ళ సైజువి, ఐదో నంబరు కాలికి ఎనిమిదో నంబరు బూటు. సాక్సులు లేవు. ఎండలో రబ్బరు కాలిపోతుంది, వానలో లోపల నీళ్ళు నిలుస్తాయి. చెమటకు వేళ్ళ సందుల్లో చర్మం నాని అక్కడ మెత్తటి ఆనెకాయలు లేస్తాయి. నడిస్తే మడమ పైకీ కిందికీ ఒరుసుకుంటుంది. ఆ బూటు తొడిగి రోజంతా ఊడ్వమంటే మీరు ఊడుస్తారా? దాన్ని తొడగకపోవడం ఆమె అజ్ఞానం కాదు, ఆమె అనుభవం. ఆమె కాలు చెప్పిన మాట ఆమె వింది. మీరే వినలేదు.

చట్టం కూడా ఈ మాటే చెప్పింది. చెత్త పనివాళ్ళందరికీ తగిన పాదరక్షలు అందేలా స్థానిక సంస్థలు చూడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో రాశారు. ఏదో ఒక పాదరక్ష అని కాదు, తగినవి అని రాశారు. కాలి కొలత తీసుకోకుండా కొన్న బూటు ఎలా తగినదవుతుంది? అది బిల్లుకు తగినది కావచ్చు, కాలికి కాదు. నిలబడి పనిచేసేవాళ్ళు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. షాపుల్లో నిలబడేవాళ్ళకు ఆ హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. మన పిల్లలు పనిచేసే షాపుల్లో ఆ స్టూళ్ళు ఎక్కడున్నాయో వెళ్ళి చూడండి. ఉన్నచోట కూడా వాటి మీద చీరల మూటలు కూర్చుని ఉంటాయి.

ఇంకొక సంగతి. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద 5 శాతం ఉన్న జీఎస్టీని 2022 జనవరిలో 12 శాతం చేశారు. మళ్ళీ 5 శాతానికి దించడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. దాదాపు నాలుగేళ్ళు పేదవాళ్ళు తమ అరికాలికీ రోడ్డుకీ మధ్యనున్న అంగుళం రబ్బరుకు రెట్టింపు కన్నా ఎక్కువ పన్ను కట్టారు. దాని మీద మన సంఘాల్లో ఒక్క తీర్మానం చేశామా?

మన వంతు

ఇతరులను అడిగినట్టే మనల్ని మనం అడుక్కోవాలి. శుభ శుక్రవారానికి ముందు రోజు పాదాలు కడిగే ఆచారం మన చర్చిల్లో చాలాచోట్ల ఉంది. పన్నెండుమందిని ముందే ఎంచుతారు. వాళ్ళు ఇంట్లో శుభ్రంగా కాళ్ళు కడుక్కుని, గోళ్ళు తీసుకుని వస్తారు. అప్పటికే కడిగిన పాదాలను పళ్ళెంలో పెట్టి మళ్ళీ కడుగుతాం. ఎవరూ ఇబ్బంది పడరు.

ప్రభువు కడిగినవి అలాంటి పాదాలు కావు. దుమ్ము రోడ్ల మీద నడిచిన చేపలవాళ్ళ పాదాలు. బానిస చేసే పని అది. పేతురు సిగ్గుపడి వద్దన్నాడు. మన అక్కలు కూడా అలాగే సిగ్గుపడి, ఆరాధనలో చీర కుచ్చిళ్ళ కింద పగిలిన మడమలు దాచుకుంటారు. ఆ సిగ్గు వాళ్ళది కాకూడదు, వాళ్ళ కాళ్ళను ఆ స్థితికి తెచ్చినవాళ్ళది కావాలి. పాదాలు కడగడమంటే ముందు పాదాలు చూడటం. చూసినవాడు ఊరుకోలేడు.

అందుకే మేము ప్రతి సంఘాన్ని ఇవి అడుగుతున్నాము. ఏడాదికి రెండుసార్లైనా చర్చి ఆవరణలో కాళ్ళ పరీక్ష శిబిరం పెట్టండి, ఒక నర్సు, ఒక డాక్టరు, ఆ నైలాన్ తీగ చాలు. చర్చి ఊడ్చే అమ్మకు, వాచ్‌మన్ తాతకు కూర్చోవడానికి కుర్చీ ఉందా అని ముందు మన గడప లోపలే చూడండి. పారిశుద్ధ్య కార్మికులున్న ప్రతి పేటలో కాగితాల మీద కాళ్ళ కొలతలు గీయించి, పేరు, సైజు రాసి, అర్జీతో జతచేసి కార్పొరేషన్‌కు ఇవ్వండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి: ఎన్ని జతలు కొన్నారు, ఏ సైజులు కొన్నారు, ఎవరికిచ్చారు?

మేము మొదట ఇచ్చిన అర్జీకి జవాబు ఇంకా రాలేదు. కాళ్ళ కాయల గురించి అర్జీ పెట్టి ఎదురుచూసిన అక్కలకు ఇప్పుడు కళ్ళు కూడా కాయలు కాచాయి. ఈసారి వట్టి అర్జీతో వెళ్ళడం లేదు. పేటలో ప్రతి మనిషి కాలి గీత ఉన్న కాగితాల కట్టతో వెళ్తున్నాము. ఆ కాగితాలను ఆ సూపర్‌వైజరు బల్ల మీద పరుస్తాము. ఈసారి ఆయన మొహం తిప్పుకునే వీలుండదు.